ఎత్తగలిగినన్నాళ్లు

యాభై దాటాక నేను జిమ్‌లో చేరింది అందం కోసమని అనుకున్నవాళ్లున్నారు. వాళ్ల కంటిచూపు అలాగే ఉండాలని కోరుకుంటాను. నేను చేరింది అమ్మని ఎత్తడానికి.

తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక కూడా అమ్మ కాలు నేల మీద నిలవలేదు. మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి బాత్‌రూమ్‌కి, మళ్లీ మంచానికి నేనే మోయాలి. అప్పట్లో మంచి కనంగా ఉండేది. బరువుని మా ఇళ్లలో కనం అంటాం. ఘనం అన్న మాటే ఇన్ని వందల ఏళ్లు తమిళం మధ్య కాపురం చేసి అరిగిపోయి, అదే కాస్త తేలికైంది.

సూలూరులో ఉండే అన్న వచ్చి చూశాడు. నువ్వు ఎత్తగలిగినన్నాళ్లు ఇక్కడే ఉంచు, నడుం పట్టేసిన రోజు చెప్పు, అవినాశి రోడ్డులో ముసలివాళ్లకి మంచి హోమ్ ఉంది అన్నాడు. చెడ్డగా అనలేదు. పక్క గదిలో అమ్మ పడుకునే ఉంది. ఆమెకి పోయింది కాలేగానీ చెవులు కాదు.

జిమ్‌లో నేర్పే అమ్మాయి నా చెప్పులు విప్పించి ఒక మెషీన్ ఎక్కించింది. అన్నదమ్ములు తోట పంచుకున్నట్టు అది ఒంటిని కండ, కొవ్వు, నీరు, ఎముక అని పంచుతుంది. అన్ని పంపకాల్లాగే ఇందులోనూ పాటుపడేదానికి తక్కువ వచ్చింది. కొవ్వుది పెద్ద భాగం, కండది గట్టు మీది చారెడు. నోట్లో కొవ్వుని లెక్కలోకి తీసుకోలేదు, అదొక్కటే ఊరట. ముట్లుడిగిన ఆడవాళ్లకి కండ దానంతటదే కరుగుతూ పోతుందనీ, బరువులెత్తుతూ ప్రోటీన్ తాగితే కాస్త నిలుస్తుందనీ ఆ పిల్ల తమిళంలో ఓపిగ్గా చెప్పింది. నిలుస్తుందంది. నేను పెరుగుతుందని విన్నాను.

డాక్టరు అమ్మకీ అదే పొడి తాగించమన్నాడు. పొద్దున జిమ్ నుంచి రాగానే రెండు గ్లాసుల్లో వనిల్లా పొడి కలిపేదాన్ని. పాలు విరిగితే వచ్చే తేటతో చేస్తారని చెబితే అమ్మ చాలాసేపు నవ్వింది. వాళ్ల కాలంలో ఆ నీళ్లు ఎనుముకి కుడితిలో పోసేవాళ్లట. మెల్లగా తాగుతాను, మంచం పక్కన కిటికీ గట్టున పెట్టి పో అనేది. నేను నాది గటగటా తాగేసి స్నానానికి పోయేదాన్ని. తిరిగొచ్చేసరికి ఆమె గ్లాసు ఖాళీగా ఉండేది.

చలి మొదలయ్యేసరికి అమ్మని ఎత్తడం సులువైంది. మొదట్లో మధ్యలో ఆగి గోడకి ఆనుకునేదాన్ని. ఇప్పుడు మెడ చుట్టూ చెయ్యి వేయించుకుని ఒక్క ఊపున లేపేస్తున్నాను. అద్దం ముందు చెయ్యి మడిచి, ఎవరూ రావడం లేదు కదా అని చూసి, నొక్కుకున్నాను కూడా. ఆ గొప్ప వెళ్లి జిమ్ పిల్లకి చెప్పుకున్నాను. సంబరపడి మెషీన్ ఎక్కించింది. కండ పెరగలేదు. ముందుకన్నా ఒకింత తగ్గింది. పాపం, ఆ పిల్ల మెషీన్‌ని గుడ్డతో తుడిచి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అదే. అవినాశికి దగ్గరలోనే ఉంటున్నానుగానీ ఆ ఊరి పేరులో ఉన్న గుణం నా కండకి అబ్బలేదు.

మరి సులువైంది ఎలా?

ఇంటికొచ్చి, అమ్మని ఎత్తుకుని మా బరువు మెషీన్ మీద నిలబడ్డాను. తర్వాత నేనొక్కదాన్నే నిలబడ్డాను.

"ఏమి అమ్మణీ, తూకమేస్తా ఉండావు? ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్‌కి ఎత్తుతావా నన్ను?" అంది మంచం మీంచి.

తీసివేతలో మిగిలిన అమ్మ, బడికి పోయే పిల్లంత ఉంది.

కిటికీ తెరిచాను. దాని కిందే కరివేపాకు చెట్టు. పుల్లమజ్జిగ పోసి పెంచిన చెట్టది. ఈమధ్య ఇంత ఏపుగా వస్తోందేమని మురిసిపోయాను కూడా. మొదలు దగ్గర మట్టి మీద తెల్లగా అట్ట కట్టి ఉంది, వనిల్లా వాసన. మా ఇంట్లో ప్రోటీన్ ఒంటబట్టింది దానికొక్కదానికే.

కోప్పడ్డాను. అమ్మ గోడవైపు తల తిప్పుకుంది. అన్నం రెండు ముద్దలకే చాలంటున్నది కూడా ఇందుకేనా అని అడిగాను. గోడవైపు చూస్తూనే చెప్పింది.

"తింటే కనమైపోతాను అమ్మణీ. నువ్వు ఎత్తలేకపోతే నన్ను ఆడికి పంపించేస్తారు."

ఎవరూ పంపరని ఒట్టేశాను. నా చెయ్యి పట్టుకుని, జిమ్‌కి పోయొచ్చిన ఆ చేతిని పైనుంచి కిందికి తడిమి, వదిలేసింది.

ఇప్పుడు తాగేదాకా ఎదురుగా కూర్చుంటున్నాను. రెండు గుక్కలు మింగుతుంది, మూడోది గడ్డం మీదికి జారుతుంది. ఈ వయసులో పోయిన కండ తిరిగి రాదన్నాడు డాక్టరు, ఇక పొడి మార్చినా ఒకటేనట. నేను మాత్రం జిమ్‌కి పోతూనే ఉన్నాను. దేనికో అడిగితే చెప్పలేను. ఇప్పుడు అమ్మని ఎవరైనా ఎత్తగలరు.

రోజూ ఎత్తేటప్పుడు నా చెవి దగ్గర అడుగుతుంది, కనంగా ఉండానా అని. ఉన్నావంటే ఆ పూట తినదు. లేవంటే, అనుకున్నది జరుగుతా ఉందని లోపల సంతోషపడి, ఆ పూటా తినదు. అందుకని ఏమీ అనకుండా ఎత్తుతున్నాను. మెడ చుట్టూ ఆమె చెయ్యి ఉందో లేదో మాత్రం తల తిప్పి చూసుకోవాల్సి వస్తోంది.