పరదా బండి రద్దు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు రెజిమెంటల్ బజార్ దగ్గర తెలుగు హైస్కూలు తెరిచారు. చిలకలగూడలోని మా ఇంటికి అది దూరమే. అయినా నాకు బెంగ లేదు. ఏడో తరగతి దాకా నేను చదివిన ఆడపిల్లల బడికి పరదా బండి ఉండేది. నాలుగు వైపులా గుడ్డ కట్టిన ఎద్దుబండి, వెంట ఓ ఆయా. కొత్త బడికీ అలాంటిది ఉంటుందన్న ధీమాతోనే నాన్న నన్ను ఎనిమిదిలో చేరుస్తానన్నాడు. నేను టీచర్నవుతానని వాడంతా చాటేశాను కూడా.

ప్రారంభోత్సవానికి నాన్నతో వెళ్లాను. బడి అంటే ఏముంది, ఖాళీ చేసిన పాత గోదాము. సగం గదులకు తలుపుల్లేవు, బోర్డుకు పూసిన నల్లరంగు ఇంకా ఆరలేదు, తాగడానికి ఒక్క మట్టికుండ. అయినా నా కంటికి అది రాజమహలే. కమిటీ పెద్దమనిషి లేచి, "నవాబుల జమానా ఖతమైంది! ఇంక మన బిడ్డలకు పరదా బండి ఎందుకు? మా బడిల బండి ఉండదు. తలెత్తుకొని నడిచొస్తరు!" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. నాన్న అందరికన్నా గట్టిగా కొట్టాడు. పిచ్చిమొహాన్ని, నేనూ కొట్టాను.

ఇంటికి రాగానే నాన్న చెప్పులు విడుస్తూ, "బండి లేదంటున్నరు గదా. ఇగ నువ్వెట్ల పోతవు బిడ్డా?" అన్నాడు.

"నడిచి పోత. నువ్వు సుత చప్పట్లు కొట్టినవు గద నాయినా!"

"చప్పట్లకేముంది? ఆడపిల్ల బజార్ల నడిస్తే నలుగురు ఏమంటరు?"

కొత్త బడిలో చేరిన పంతులమ్మ ఒకావిడ మా ఇంటికొచ్చి బతిమాలింది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు.

"జెర బండి పెట్టియ్యుండ్రి టీచరమ్మా" అన్నాడు నాన్న.

"ఆడపిల్లలు చేరితే పెడతామంటున్నారండీ."

"బండి పెడితే చేరుస్తం."

మా వాడలో ఏ ఇంటికి వెళ్లినా ఆవిడకు ఇదే జవాబు. ఏం మనుషులో! నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంటతోనే అమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరేదాన్ని.

కొన్నాళ్లకు, ఆడపిల్లల కోసం అట్టేపెట్టిన గదిలో విరిగిన బెంచీలు పడేశారని తెలిసింది. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు నన్ను చూడటానికి పెళ్లివారు వచ్చారు. పిల్ల ఎంత చదివిందని అడిగారు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"ఏడు" అన్నాడు నాన్న. "ఇంకా చదివిస్తమన్నం. దానికే మనసు లేకపాయె."