సోమనర్సయ్య ఇంటికి గాలి చూసిన రోజు

దేవరుప్పులలో సోమనర్సయ్య పెళ్ళినాడు సరిగ్గా తాళి కట్టే సమయానికి కరెంటు పోయింది. మైకు ఆగింది, కరెంటు బుగ్గలు ఆరాయి, పెళ్ళికొచ్చిన వాళ్ళంతా పెళ్ళికొడుకు వైపు గుర్రుగా చూశారు. ఎందుకంటే ఆయన అప్పటికే కరెంటు లైన్‌మెన్.

"తాళి తర్వాత గట్టొచ్చు గని, ముందుగాల పోయి ఫీజు ఏసి రా బావా!" అని ఎవరో అరిచారు.

ఆయన బాసింగంతోనే లేచి బయల్దేరాడని కొందరంటారు. లేవబోతే కొంగుముడి పట్టి కూర్చోబెట్టానని భార్య భూలక్ష్మి అంటుంది. పక్క పీట మీద ఉన్నది ఆమె కనుక మనం ఆమె మాటే నమ్ముదాం.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన బతుకు అదే తీరు. వానకు స్తంభం ఒరిగినా, ఉడుత తీగల మీద సర్కసు చేసి మాడిపోయినా తిట్లు మాత్రం నర్సన్నకే. ఒకసారి క్షవరం దుకాణంలో మీసం సగం కత్తిరించాక మిషను ఆగిపోయింది. "నేనేం జేద్దునే? కరెంటు తెస్తే మిగిలింది తీస్త" అన్నాడు దుకాణం ఆయన చేతులు కట్టుకుని. పాపం, సోమనర్సయ్య సగం మీసంతోనే స్తంభమెక్కాడు. కింద ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అంత ఎత్తున ఉన్న మనిషికి నవ్వులు వినబడవనుకున్నారు గానీ, పైకి ఇంకా బాగా వినబడతాయట. ఆయనే చెప్పాడు.

అందుకే రిటైరైన తర్వాత ఆయన మనసు ఒకే ఒక్క దాని మీద నిలిచింది. హనుమకొండలో ఏదో సభకు పోయినప్పుడు ఒక కొత్తరకం ఇంటి గురించి విన్నాడు. ఏడాది పొడుగునా ఆ ఇల్లు లైను నుంచి ఎంత కరెంటు తీసుకుంటుందో, ఇంచుమించు అంతే తన కప్పు మీద పుట్టించి లైనుకు తిరిగి ఇచ్చేస్తుంది. అయితే దానికి ప్రమాణాలున్నాయి. గోడలు, స్లాబు ఎండ వేడిని ఎంతవరకు లోపలికి రానివ్వొచ్చు, ఇల్లు మొత్తం ఎంత కరెంటు తాగొచ్చు, అందులో ఎంత వంతు సూర్యుడి నుంచి రావాలి, అన్నీ లెక్కే. అవన్నీ కుదిరాయని ఒక సంస్థ వాళ్ళు వచ్చి పరీక్ష చేస్తే, గేటుకు బిగించుకోవడానికి ఇత్తడి బిళ్ళ ఇస్తారు.

ఆ బిళ్ళ మీద పడింది సోమనర్సయ్య ప్రాణం. అది గేటుకు ఎక్కితే తాను తిన్న తిట్లన్నీ మాఫీ అయినట్టేనని ఆయన నమ్మకం.

పాత పెంకుటిల్లు విప్పించి, ఆ జాగాలోనే కొత్తది కట్టించాడు. లోపల ఖాళీలుండే ఇటుకలు, కిటికీలకు రెండు పొరల అద్దాలు, పడమటి ఎండ పడకుండా బారెడు సజ్జలు, స్లాబు మీద తెల్లటి పెంకులు, వాటిపైన సోలార్ పలకలు. చూసిన వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు గానీ మెచ్చి కాదు.

"దీన్ని జీరో ఇల్లంటరు" అని ఆయన ఛాతీ విరుచుకుని చెప్పేవాడు.

"సర్కారు పుణ్యాన జీరో బిల్లు మాగ్గూడ వస్తున్నది గదనే నర్సన్నా! రేకుల ఇంటికి గూడ వస్తున్నది. దానికి గింత పరేషానెందుకు?"

"బిల్లు గాదే, ఇల్లు! ఇల్లే జీరో!"

"అయ్యో, గింత ఖర్చు వెట్టి జీరో అయిపాయెనా?"

ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. బిళ్ళ వస్తేనే ఎక్కుతుందని ఊరుకున్నాడు.

అన్ని లెక్కలూ కుదిరాయి, ఒక్క పరీక్ష మిగిలింది. పంక్చరు దుకాణంలో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు కదా, అట్లా ఇంట్లో సందులున్నాయేమో చూసే పరీక్ష. చల్లబరిచిన గాలి సందుల్లోంచి జారిపోతే ఎంత కరెంటు పుట్టించినా దండగే కదా. ఆ పరీక్ష సంగతి మాట్లాడటానికి ఆయన చాయ్ హోటలు ముందు నిలబడి హైదరాబాదుకు ఫోను చేశాడు. ఫోనులో గట్టిగా అరవడం లైన్‌మెన్లకు అలవాటు.

"మేడం, గాలి చూడనీకి ఎప్పుడొస్తరు? సోమారమా? గాలి ఎటుకెల్లి వస్తున్నదో తేలిపోవాలె మేడం. మీరు బిళ్ళ ఇచ్చేదాంక నాకు నిద్ర పట్టది."

మా దిక్కున గాలి చూడటమంటే అర్థం వేరే. మనిషి ఊరికే ఒక దిక్కుకు చూస్తూ కూర్చుని, అన్నం ముట్టక, తనలో తాను గొణుక్కుంటుంటే "గాలి సోకింది" అంటారు. దయ్యం గాలి. దాన్ని చూసి వెళ్ళగొట్టే మనిషిని పిలుస్తారు. ఆయన వేపమండతో కొట్టి, మెడలో తాయెత్తు బిళ్ళ కడతాడు.

చాయ్ గ్లాసులు కడిగేలోపే ఊరంతా పాకిపోయింది. నర్సన్న కొత్తింటికి గాలి సోకిందట, వెళ్ళగొట్టడానికి పట్నం నుంచి ఆడమనిషి వస్తున్నదట, బిళ్ళ కడుతుందట.

అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది బుచ్చిరాములు. మా ఊళ్ళో గాలి చూసేది ఆయనే.

"నేను బతికుండంగనే పట్నంకెల్లి పిలిపిస్తడా?" అని ఆయన ఊరంతా తిరిగాడు.

సోమవారం పొద్దున కారు దిగిన రజిత హైదరాబాదులో పుట్టి పెరిగిన ఇంజనీరు పిల్ల. వాకిట్లో అంతమందిని చూసి, ఊళ్ళో కరెంటు పొదుపు మీద ఇంత శ్రద్ధ ఉందా అని మురిసిపోయింది. పెట్టె తెరిచి, సింహద్వారానికి ఒక చట్రం బిగించి, దాని మీద గుడ్డ పరిచింది. ఎర్రటి గుడ్డ!

జనం ఒక్కడుగు వెనక్కి వేశారు. నేనూ వేశాను.

"అంకుల్, కిటికీలన్నీ మూయండి. దేవుడి దగ్గర దీపం ఉంటే ఆర్పేయండి."

"దీపం గూడ ఆర్పమంటున్నది! మస్తు మొండి గాలే" అంది ఒక ముసలవ్వ.

"గాలి ఏ దారిన లోపలికి వస్తుందో పట్టుకుంటే చాలండీ, మిగతాది సులువు" అంది రజిత అందరికీ ధైర్యం చెబుతున్నట్టు.

బుచ్చిరాములు ముఖం విప్పారింది. "గిదిరా నేర్చినోళ్ళ మాట! దారి పట్టుకోవాలె." తన సంచి ముందుకు తోశాడు. "నిమ్మకాయలు గావాల్నా బిడ్డా?"

"వద్దండీ, ఇప్పుడే నీళ్ళు తాగాను."

గుడ్డ మధ్యలో బిగించిన పెద్ద పంకా తిరగడం మొదలుపెట్టింది. అది ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. అది ఎంతో మీటరు చెబుతుంది, ఎక్కడో పొగ చెబుతుంది. రజిత చేతిలో సన్నగా పొగ వదిలే గొట్టం ఉంది. పంకా హోరుకు తాళంచెవి రంధ్రం ఈల వేసింది. తలుపులు మూలిగాయి. లోపల గోడకు ఆనుకుని నిలబడ్డ భూలక్ష్మి ముఖం పాలిపోయింది. సోమనర్సయ్య వెంట లోపలికి వెళ్ళిన నేను అది దయ్యం భయమే అనుకున్నాను. ఆమె భయం వేరే అని నాకప్పుడు తెలియదు.

మీటరులో అంకె హద్దు దాటి పైన కూర్చుంది.

"ఎక్కడో పెద్దదే ఉంది అంకుల్" అంటూ రజిత పొగతో గదులు తిరిగింది. ముందుగదిలో పొగ నిటారుగా నిలిచింది, పడకగదిలో నిలిచింది. వంటగది గడపలో సోమనర్సయ్య ఆగిపోయి ముక్కు ఎగబీల్చాడు.

"భూలక్ష్మీ, ఎండుచేపల పులుసు పెట్టినవా?"

"ఇంక పొయ్యే ముట్టియ్యలే."

ఇల్లంతా ఎండుచేపల పులుసు వాసన! వంటగది గోడకు ఎరువుల దుకాణం వాళ్ళ కేలండర్ ఒకటి వేలాడుతోంది. అది పొట్ట ఉబ్బించుకుని గోడకు దూరంగా ఎగిరి నిలబడింది. రజిత దాన్ని పక్కకు జరిపింది. వెనక నున్నగా సిమెంటు పూసిన చదరపు బొక్క. గిన్నె పట్టేంత. బొక్కకు అవతల, గోడకు గోడ ఆనిన పక్కింటి వంటగదిలో, గరిటె పట్టుకుని కొమురమ్మ ముఖం.

"ఏంది నర్సయ్యా గట్ల జూస్తవ్? ఉప్పు సరిపోయిందో లేదో జూస్తవా?"

సోమనర్సయ్య పెరటి వైపు తిరిగి అరిచాడు, "నగేశ్!"

నగేశ్ ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ. అప్పటికే పెరటి తలుపు దాకా పాకాడు.

"నన్నేం జెయ్యమంటవే అన్నా? సోలార్ పలకలు తేనీకి నువ్వు జనగామ పోయిన దినం వదిన పెట్టమన్నది. కొత్తదేం గాదే, పాత గోడల ఉన్నదే మళ్ళ పెట్టిన."

"పాత గోడల గూడ ఉండెనా?"

అప్పుడు భూలక్ష్మి కొంగు నడుములో చెక్కుకుంది. భయం పోయినట్టుంది.

"ఉండకుంటే? ఇన్నేండ్ల సంది లొట్టలేసుకుంట తిన్నవ్ గద ఎండుచేపల పులుసు, గది ఏడికెల్లి వచ్చిందనుకున్నవ్? నాకు గా వాసనే పడది."

"నీది గాదా?"

"నాది ఎట్లయితది? నేను చింతపండు పచ్చిపులుసు ఇచ్చేది, అక్క గది ఇచ్చేది."

"ఇంకో ముచ్చట జెప్పనా ఇంజినీరమ్మా" అని కొమురమ్మ బొక్కలోంచి తల ఇంకొంచెం బయటికి పెట్టింది. "ఎండుచేపల పులుసు ఎట్ల పెట్టాల్నో మా ఇంటామె దగ్గర నేర్చుకో అక్కా అని ఈయన నాకే జెప్పిండు. మా ఇంటాయన ముంగట!"

పాపం, రజిత మీటరు వైపు తిరిగి నవ్వుకుంది. నవ్వు దాచుకోవడానికి మీటరు మంచి వస్తువు.

ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అంకుల్, మిగతా ఇల్లంతా బ్రహ్మాండంగా ఉంది. ఇదొక్కటి మూసేస్తే బిళ్ళ మీదే."

నగేశ్ తాపీ అందుకున్నాడు.

"మూస్తే మూసుకో" అంది భూలక్ష్మి. "రేపటికెల్లి గా బిళ్ళనే అన్నంల కలుపుకొని తిను."

సోమనర్సయ్య ఒకసారి కిటికీ అద్దంలోంచి గేటు వైపు చూశాడు. అక్కడ బిళ్ళ కోసం కొట్టించిన మేకులు ఖాళీగా ఉన్నాయి. ఒకసారి బొక్క వైపు చూశాడు. కొమురమ్మ గరిటె చాపింది. ఆయన వేలితో ముంచి నాకాడు. కళ్ళు మూసుకున్నాడు.

"మేడం, దానికి తలుపు వెడితే నడుస్తదా? ఫ్రిజ్జుకు ఉంటది సూడు, అసొంటిది?"

"గట్టిగా మూసుకుంటే అది కిటికీ కిందే లెక్క. నడుస్తుంది."

పాడైపోయిన ఫ్రిజ్జు ఒకటి కొమురమ్మ పెరట్లోనే ఉంది, కోడి గుడ్లు పెడుతోంది అందులో. కోడిని బతిమాలి దింపి, తలుపు చుట్టూ ఉండే రబ్బరు పీకి, మిగిలిపోయిన చెక్కముక్కకు అంటించి, నగేశ్ చిన్న తలుపు తయారు చేశాడు. మళ్ళీ పంకా తిరిగింది.

"ఎవ్వలు ఊపిరి తియ్యకుండ్రి!" అని వాకిట్లో బుచ్చిరాములు ఆజ్ఞాపించాడు. ఎవ్వరూ తీయలేదు. అంకె దిగుతోంది, దిగుతోంది, హద్దు దగ్గరికి వచ్చింది. అంతలో చిన్న తలుపు టక్కున తెరుచుకుంది.

"అయిపోయిందా?" అంది కొమురమ్మ.

అంకె ఎగిరి కూర్చుంది.

"అక్కా!" అని సోమనర్సయ్య ఏడవడమే తక్కువ.

ఇక లాభం లేదని కొమురమ్మను ఇవతలికే పిలిపించారు. వంటగదిలో పీట వేసి, ఆ తలుపుకు ఇవతలి వైపు గొళ్ళెం బిగించి, అది ఆమె చేతికే ఇచ్చారు. ఆమె దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. మూడోసారి పంకా తిరిగింది. వంటగదిలో పొగ దారం లాగా నిటారుగా నిలబడింది. కేలండర్ కదలలేదు. అంకె దిగి, హద్దు దాటి, కింద స్థిరపడింది.

"పాస్!" అని అరిచింది రజిత.

సోమనర్సయ్య ఎగిరి గంతేశాడు. ఆయన మోకాళ్ళకు అంత శక్తి ఉందని ఎవరం అనుకోలేదు. బయట జనం "పోయింది! గాలి పోయింది!" అని చప్పట్లు కొట్టారు. బుచ్చిరాములు, ఎవరూ అడగకుండానే, నిమ్మకాయ కోశాడు. రజిత కారులోంచి ఇత్తడి బిళ్ళ తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని చొక్కా అంచుతో తుడిచి గుండెకు హత్తుకున్నాడు.

రజిత ఎర్రగుడ్డ విప్పింది. వీధి గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. దాంతో పాటే మాడు వాసన.

"అయ్యో, నా పులుసు!" కొమురమ్మ పీట తన్నేసి పరుగెత్తింది.

గోడకు అవతల గిన్నె అడుగు మాడి బొగ్గవుతుంటే ఇవతల ఒక్క ముక్కుకూ అందలేదు.

"చూశారా అంకుల్, ఇంతకన్నా మంచి పరీక్ష ఉంటుందా!" అని రజిత సంబరపడింది. సోమనర్సయ్య బిళ్ళను హత్తుకునే ఉన్నాడు గానీ ముఖం మాత్రం పెళ్ళినాడు ఫీజు పోయినప్పటిలా ఉందని భూలక్ష్మి అంది.

రజిత కారెక్కబోతుంటే ఇందాకటి ముసలవ్వ ఆమె చేయి పట్టుకుంది. "బిడ్డా, మా మనుమరాలు పగటిపూట ఊకె ఫోన్ల గుసగుస మాట్లాడుతది. జర దానిక్కూడ గాలి చూసి పో." రజితకు సంగతేమిటో చెప్పే పని నా మీద పడింది. ఆమె స్టీరింగు మీద తల వాల్చి ఎంతసేపు నవ్విందంటే, ఆమెకే గాలి సోకిందని బుచ్చిరాములు మళ్ళీ వేపమండ తీశాడు.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర భూలక్ష్మి వచ్చేపోయే వాళ్ళకు బిళ్ళ చూపిస్తుంటే, సోమనర్సయ్య ఒక్కడూ వంటగదిలో నీళ్ళు తాగుతున్నాడు. చిన్న తలుపు మీద టకటక చప్పుడైంది. గొళ్ళెం తీశాడు. ఒక చేయి గిన్నె పట్టుకుని ఇవతలికి వచ్చింది.

"ఇగో భూలక్ష్మీ, మాడంది పైపైన తీసిన, మీ ఆయనకు పెట్టు." కొమురమ్మ పొయ్యి దగ్గర వంగి ఉంది, ఇటు చూడలేదు. "గా బిళ్ళ పట్టుకొని పిల్లగాని లెక్క ఎగురుతాంటే నవ్వు ఆగక కొంగు నోట్ల కుక్కుకున్ననే. ఎడ్డి మనిషి గని మంచోడే. వింటున్నవా?"

"ఊఁ" అన్నాడు సోమనర్సయ్య, వీలైనంత సన్నటి గొంతుతో.

"గొంతేంది గట్లున్నదే?"

ఆయన చప్పున తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. ఆ తర్వాత కొమురమ్మ ఇంకేమందో ఆయనకు వినబడలేదట. రబ్బరు గట్టిది. నిలబడే తిన్నాడు, గిన్నె కూడా తానే కడిగాడు.