గంటా పావు అల్లుడు

పెళ్లికి ముందు ఆ రోజుల్లో ఫోనులో కనిపించే అంకెల మీద నాకున్న నమ్మకం మనుషుల మీద కూడా ఉండేది కాదు. రాయ్‌పూర్ పక్కనున్న భిలాయి సెక్టర్ 4లో పుట్టి పెరిగినవాణ్ణి, తెలుగు కన్నా హిందీయే నయంగా వచ్చు. అలాంటివాణ్ణి పెళ్లిచూపులకి విశాఖపట్నం తీసుకెళ్తుంటే, రైల్లో కూర్చుని ఫోనులో చూసి ఒకే ఒక్క వాక్యం బట్టీ పట్టాను: "రాయ్‌పూర్ నుంచి విశాఖకి విమానంలో నాలుగొందల చిల్లర కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం." (విమానం ఎక్కడం అటుంచి, దాన్ని దగ్గరగా చూసింది కూడా లేదు.) అమ్మాయి తల్లికి ఒక్కతే కూతురనీ, ఆవిడేమో పిల్లని విజయనగరం దాటి ఇవ్వనంటోందనీ మా పెద్దనాన్న ముందే హెచ్చరించాడు మరి.

అనుకున్నట్టే జంతికల పళ్లెం నా ముందు పెడుతూ ఆవిడ అడిగారు. "ఏటి బాబూ, మీ ఊరు చాలా దూరవట కదా? దానికి జ్వరమొస్తే నేనెలా వస్తాను?" నా వాక్యం గడగడా అప్పజెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. "గంటా పావేనా! గాజువాక ఎల్లినంత సేపు!" అని మురిసిపోయారు. పెళ్లయిపోయింది.

మూడో నెలలో నా భార్యకి నిజంగానే జ్వరం వచ్చింది. పొద్దున్నే తల్లికి ఫోన్ చేసింది. "బయల్దేరుతున్నానమ్మా. మిరియాల చారు వేడిగా తెచ్చీస్తాను, నువ్వేటీ వండుకోకు!" అన్న మాట నాకూ వినపడింది. ఆ రోజు నేరుగా వచ్చే విమానం లేదట. వాళ్ల పక్కింటాయన హైదరాబాదు మీదుగా టికెట్ తీశాడట. తనిఖీ దగ్గర చారు లోపలికి వద్దన్నారట. పారబొయ్యడానికి మనసొప్పక ఈవిడ అక్కడే నిలబడి ఒక గ్లాసు తాగి, మిగిలింది వెనకాల తుమ్ముతున్న ఓ పెద్దాయనకి పోసేశారట. సాయంత్రం ఐదింటికి రాయ్‌పూర్‌లో ఖాళీ ఫ్లాస్కుతో దిగారు.

నేనే వెళ్లి టాక్సీలో ఎక్కించుకున్నాను. భిలాయి దారిలో లారీల వెనక టాక్సీ నత్తలా పాకుతోంది. ఇక దాచలేకపోయాను. "అత్తయ్యా, గలతీ నాదే. గంటా పావు గాల్లో ఉండే టైమే. ముందూ వెనకా నేను లెక్కపెట్టలేదు." (మిగతా క్షమాపణ హిందీలోనే సాగింది.) ఆవిడ ఒళ్లో ఉన్న ఖాళీ ఫ్లాస్కు మూత తిప్పి బిగించారు. తిడతారేమో, పిల్లని తీసుకుపోతారేమో అనుకున్నాను.

"ముందే చెప్పాలి కదా బాబూ," అన్నారు చివరికి. "చారు పొడి కొట్టుకుని తెచ్చీదాన్ని."

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి నడిచారు. నేను మిరియాలు దంచాను, ఆవిడ చారు పెట్టారు. మంచం అంచున కూర్చుని కూతురికి చెంచాతో పడుతుంటే, పెళ్లయిన పిల్ల కాస్తా ఐదేళ్లదైపోయి నోరు తెరిచింది. గుమ్మంలో నిలబడ్డ నాకేసి చూసి ఆవిడ ఇంకో గ్లాసు నింపారు.

"నువ్వూ తాగు బాబూ. దానికన్నా నీ మొహమే ఎక్కువ పీక్కుపోయింది."

తాగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరియాల ఘాటని చెప్పాను. వాళ్లిద్దరూ నమ్మినట్టే ఊరుకున్నారు. పాపం, రైల్లో ఆ వాక్యం బట్టీ పట్టిన కుర్రాడికి అంకెలొక్కటే వచ్చు. అత్తగారంటే ఎంత దగ్గరో అప్పటికింకా తెలీదు.