లోపలి వైపు నాలుగు అంకెలు

పోయినవి ముందు చెబుతాను. ఒక టైరు, ముందు ఎడమ వైపుది. దాని రిమ్ము అంచు వంగింది. సుత్తితో సాగగొట్టించాను కానీ ఆ చక్రం మళ్ళీ నిటారుగా తిరగలేదు. బంపరు కింద ఉండే ప్లాస్టిక్కు ముక్క కాలవలో పడింది. స్పానరు జారి నా కుడిచేతి బొటనవేలి గోరు ఊడింది. ఎనభై నిమిషాలు పోయాయి. మిగిలిన మూడు టైర్లు పేలకపోయినా వాటిని కూడా పోయినవాటిలోనే కలిపాను, ఎందుకో తర్వాత తెలుస్తుంది. ఇవన్నీ నావి. నావి కానివి ఇంకా ఉన్నాయి. పదహారు వందల నలభై కిలోల రొయ్యల మీద కిలోకి పద్దెనిమిది రూపాయలు. ఇరవై తొమ్మిది వేల అయిదు వందల ఇరవై. అది ఒక ఆడమనిషి మూడున్నర నెలలు గట్టు మీద కాపలా పడుకుని పెంచిన పంటలోంచి పోయింది.

నేను పదో తరగతి దాటలేదు. నాకొచ్చిన లెక్కలు బడిలో నేర్చుకున్నవి తక్కువ, రొయ్యల గుంటల గట్ల మీద నేర్చుకున్నవి ఎక్కువ. అల్లూరు, విడవలూరు వైపు గుంటలున్న చిన్న రైతులు నన్ను పిలుస్తారు. గుంట ఎన్ని సెంట్లు, నీళ్ళెంత లోతు, మేత రోజుకెంత, ఇవి చూసి చెబుతాను. అన్నిటికంటే ముఖ్యం పట్టుబడి రోజు, అంటే వల దించి సరుకు పట్టి అమ్మే రోజు. ఆ రోజు కౌంటు తేలాలి. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. నలభై అయిదు తూగితే ఒక ధర, యాభై తూగితే అంతకు తక్కువ ధర. చిన్నవి వల అంచుకి చేరతాయి. కొనేవాళ్ళ సూపర్‌వైజరు సరిగ్గా అక్కడే గంప ముంచుతాడు. నేను ఉంటే అంచులో ఒకసారి, మధ్యలో ఒకసారి, అడుగున ఒకసారి తీయించి, మూడింటి సగటు కాగితం మీద రాయిస్తాను. నేను చేసేదల్లా అంతే. కానీ దానికి నేను అక్కడ ఉండాలి. తెల్లవారుజామున ఏ గట్టు మీదికైనా చేరాలంటే బండి నడవాలి.

నా బండి నాలుగు చేతులు మారి వచ్చిన చిన్న కారు. పాత టైర్లు నున్నగా అరిగాక నెల్లూరులో మూడు కొట్లు తిరిగాను. మామూలుగా మనుషులు ధర చూస్తారు. నేను ధరను, టైరు నడుస్తుందన్న కిలోమీటర్లతో భాగిస్తాను. రెండు కొట్లలో నాలుగింటికీ కలిపి పదహారు వేల నాలుగు వందలు, కిలోమీటరుకి ముప్పై ఆరు పైసలు. మూడో కొట్లో పద్నాలుగు వేలు, ముప్పై ఒక్క పైసలు. ఆ అయిదు పైసల దగ్గర నా తెలివి ఆగిపోయింది.

"నలభై అయిదు వేల కిలోమీటర్లు కళ్ళు మూసుకుని తోలొచ్చు సార్" అన్నాడు అమ్మేవాడు.

"కళ్ళు తెరుచుకుని తోలితే?"

"యాభై సార్."

నేను నవ్వాను కూడా. ఆ నలభై అయిదు వేలు బిల్లు వెనక రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. టైర్లు బిగించాక నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ముందుకు తోలండి సార్" అన్నాడు. నాలుగూ ఒకేసారి పగిలాయి, వాసన గుమ్మంది. ఆ రోజు ఆ కొట్లో నాకు దొరికిన తాజా సరుకు ఆ నిమ్మకాయలే.

మూడు వేల కిలోమీటర్లకి చప్పుడు మొదలైంది, తేనెటీగలు కారుతోపాటు వస్తున్నట్టు. వాన పడిన రోజు అల్లూరు మలుపులో బండి నేను తిప్పిన వైపు కాకుండా తనకు నచ్చిన వైపు పోయింది. అయిదు వేలకి టైర్ల పక్క గోడల మీద వెంట్రుక మందం పగుళ్ళు కనిపించాయి. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "అది డిజైను సార్" అన్నాడు. ప్రతి ఆదివారం గాలి చూపించేవాణ్ణి. తేదీ, గాలి, మీటరు అంకె, అన్నీ పుస్తకంలో రాసుకున్నాను. అంత రాసుకున్న మనిషికి ఒకటి మాత్రం తోచలేదు.

మొదట చెప్పిన ఆడమనిషిని నేను అక్కా అని పిలుస్తాను. ఆమెది విడవలూరు అవతల ఎకరన్నర గుంట, కౌలుది. నాకంటే పదేళ్ళు పెద్ద. భర్త బిట్రగుంటలో కాంట్రాక్టు పనికి పోతాడు, గుంట సంగతంతా ఆమెదే. పోయినసారి పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. కౌలు బాకీ ఉంది. ఈ పంట కౌంటు బాగా వస్తేనే గుంట ఆమె చేతిలో ఉంటుంది, లేకపోతే దాని ఆసామి పక్కవాడికి ఇచ్చేస్తానన్నాడు. రెండు రోజుల ముందు నేను మూడు చోట్ల వల వేయించి చూశాను. నలభై అయిదు. "నువ్వుండాల అబ్బయా. ఆడ నువ్వుంటే వాళ్ళు చేతులు కట్టుకుంటారు" అంది. ఆరింటికల్లా ఉంటానని మాటిచ్చాను.

అయిదూ ఇరవై అయిదుకి కాలవ కట్ట మీద పేలింది. పేలడమంటే గాలి పోవడం కాదు. టైరుకి రోడ్డు మీద ఆనే పట్టీ పక్క గోడ నుంచి ఊడి, బెల్టులాగా అడుగుభాగాన్ని కొట్టింది. బండి కాలవ వైపు ఒరిగింది. ఆగాక దిగి చూస్తే ముందు చక్రానికీ కట్ట అంచుకీ మధ్య జానెడు. జాకీ ఎక్కించాను. నట్లు నాలుగు. రెండు వచ్చాయి. మిగతా రెండూ ఉప్పుగాలికి తుప్పు పట్టి కదల్లేదు. గోరు పోయింది అక్కడే.

అక్కకి ఫోన్ చేశాను.

"ఏడున్నావబ్బయా? వల దించబోతా ఉండారు."

"టైరు పేలిందక్కా. కాలవ కట్ట మీదుండా. నేనొచ్చేదాకా కౌంటు పెట్టనీబాక."

"నా మాట ఇంటారా ఈళ్ళు?"

పక్కనుంచి సూపర్‌వైజరు గొంతు వినిపించింది. "ఐసు కరిగిపోతా ఉందమ్మా. మీ లెక్కలాయన కోసం రొయ్యలు కాసుకోనుంటాయా?"

ఆ కట్ట మీద ఆ వేళ మనిషి రాడు. ఆరూ యాభైకి పాల క్యాన్లతో ఒకాయన మోటార్‌సైకిలు మీద వచ్చాడు. రెండు క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని పోయాను. ఏడూ ఇరవైకి గుంట దగ్గర దిగాను.

అక్క గట్టు మీద నిలబడి ఉంది. చేతిలో పచ్చ కాగితం. యాభై అని రాసి ఉంది, అంటే కిలోకి పద్దెనిమిది రూపాయలు తక్కువ. కింద ఆమె సంతకం.

"ఒక్కసారే ముంచినాడబ్బయా, అంచులో. మధ్యలో తియ్యవయ్యా అంటే నవ్వినాడు. సంతకం పెట్టకపోతే వల ఎత్తుకోని పోతామన్నారు. చచ్చిన రొయ్యల్ని నేనేం చేసుకునేది?"

సగం సరుకు అప్పటికే ఐసులో పడి లారీ ఎక్కింది. మిగిలినదాంట్లోంచి మూడు సార్లు తీయించి సూపర్‌వైజరు ఎదురుగానే లెక్కపెట్టాను. నలభై అయిదు, నలభై నాలుగు, నలభై ఆరు.

"ఈ గంపల్లో పెద్దయి పడుంటాయి సార్" అన్నాడు సూపర్‌వైజరు. "సంతకం అయినాక అంకె మారస్తే నాకు ఉద్యోగం మీరిస్తారా?"

వాడి మీద నాకు అంత కోపం రాలేదు. వాడు ఎప్పుడూ చేసేదే చేశాడు. దాన్ని ఆపాల్సిన మనిషి పాల క్యాన్ల మధ్య ఉన్నాడు.

పది దాటాక పంక్చరు కొట్టాయనను కట్ట మీదికి పిలిపించి, స్పానరుకి మూరెడు గొట్టం తగిలించి నట్లు ఊడదీయించాను. స్టెప్నీ బిగించి, బండినీ పేలిన చక్రాన్నీ అల్లూరులో ఆయన కొట్టుకి చేర్చాం. అక్కడ ఇంకో ఇద్దరు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన రోగుల్ని నెల్లూరు ఆసుపత్రులకి తిప్పే కారు తోలుతాడు, ఇంకొకాయన బడి వ్యాను తోలుతాడు. చిరిగిన టైరు చూడగానే ఇద్దరికీ తమ టైర్లు గుర్తొచ్చాయి.

"నాది మూడు నెల్లకే పొక్కొచ్చిందన్నా, నిమ్మకాయంత" అన్నాడు కారాయన. "కొట్టోడి దగ్గరికి పోతే, గుంతలో దించినావు అన్నాడు. నెల్లూరికి పోయేదానికి గుంతలు లేని దోవ ఉంటే చెప్పు సామీ, ఆ దోవనే పోతా అన్నా."

"నీది పొక్కే కదా" అన్నాడు వ్యానాయన. "నాకు నున్నంగా అరిగిపోయిన టైరుకి బ్లేడుతో గాడులు కోసి, నల్ల పాలిషు కొట్టి అంటగట్టినారు. వాన పడితే రంగు కారింది. పిలకాయలు చూసి, అంకుల్, మన టైరు ఏడస్తా ఉంది అన్నారు."

"ఏడవదా మరి, దాని వయసుకి?"

పంక్చరు కొట్టాయన వాళ్ళ మాటల్లో కలవలేదు. టైరుని రిమ్ము నుంచి విడదీసి, లోపలి వైపు గోడని తడిగుడ్డతో తుడిచి, నన్ను రమ్మని వేలు చూపించాడు. నాలుగు అంకెలు. మూడు, ఒకటి, ఒకటి, ఎనిమిది.

"అన్నా, ఇది తయారైంది ఎప్పుడో తెలుసునా? మొదటి రెండూ వారం. కడాపటి రెండూ సంవత్సరం."

రెండు వేల పద్దెనిమిదో సంవత్సరం, ముప్పై ఒకటో వారం. మనసులో కూడిక తీసివేతలు వాటంతట అవే జరిగిపోయాయి. నేను కొన్న రోజుకే దానికి అయిదేళ్ళ నాలుగు నెలలు. అయిదేళ్ళు ఏ రేకుల షెడ్డులోనో ఎండకి ఉడికింది. చిరిగిన చోట వేలు పెడితే రబ్బరు పాత రొట్టెలాగా పొడిపొడిగా రాలింది. కాలిన జుట్టు వాసన.

"ఈ నంబరు ఒక పక్కనే ఉంటాదన్నా. సరుకు కొత్తదయితే బయటికి పెడతారు. పాతదయితే లోపలికి తిప్పి బిగిస్తారు. కిందికి దూరి చూసేదెవరు?"

మిగిలిన మూడూ ఎత్తించి కిందికి దూరి చూశాను. రెండింటి మీద అదే వారం, ఒకదాని మీద రెండు వారాల ముందుది. నాలుగింటికీ అంకెలు లోపలికే. ఒకటి లోపలికి ఉంటే పొరపాటు అనుకోవచ్చు. నాలుగూ ఉన్నాయంటే నిమ్మకాయలు పెట్టిన చేతులే తిప్పి బిగించాయి. నాకు కోపం కంటే అసహ్యం వేసింది. పామునో తేలునో ఇంట్లో పదకొండు నెలలు పెంచి, గాలి పెట్టి, తుడిచినట్టు.

మీటరు చూశాను. ఆ టైర్ల మీద నడిచింది తొమ్మిది వేల నూట నలభై. పద్నాలుగు వేల రూపాయల్ని దానితో భాగిస్తే కిలోమీటరుకి రూపాయి యాభై మూడు పైసలు. అయిదు పైసలు మిగుల్చుకుందామనుకున్నవాడి లెక్క అది.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. నష్టం నేను కట్టుకుంటానన్నాను. ఆమె ఖాళీ గుంట వైపు చూస్తూ విన్నది. అంకెల సంగతి చెప్పగానే తల తిప్పింది.

"అబ్బయా, రొయ్య సీడు తెచ్చేటప్పుడు హేచరీవోడు ఎనిమిది రోజుల పిల్ల ఇస్తే, పన్నెండు రోజులది కావాల అని గొడవ పెట్టినావే. రొయ్యపిల్లకి ఎన్ని రోజులని అడిగేవాడివి, టైరుకి ఎన్నేళ్ళని అడగలా?"

అడగలేదు. ఈ తీరంలో ఎవరం అడగం. కనురెప్ప వెంట్రుకంత రొయ్యపిల్లకి వయసు రోజుల్లో అడుగుతాం, మేత బస్తా మీద తేదీ చూస్తాం, మందు సీసా మీద చూస్తాం. టైరు నల్లగా మెరిస్తే కొత్తదనుకుంటాం. నేనైతే దాన్ని పైసలతో సహా భాగించాను కూడా.

"నీ దుడ్లు నాకొద్దు" అంది అక్క. "టైరు అమ్మినోడు ఇయ్యాల. వాడి దగ్గర తే, తీసుకుంటా."

మర్నాడు బాడుగ ఆటోలో నాలుగు టైర్లూ వేసుకుని నెల్లూరు కొట్టుకి పోయాను. యజమాని లోతు కొలిచే కడ్డీ తెచ్చి గాడిలో పెట్టాడు. "రోడ్లు బాగాలేవు. గాలి ఎక్కువ పెట్టించి ఉంటారు. ఒక టైరుకి తగ్గింపు ఇస్తాం, కొత్తవి మా దగ్గరే తీసుకుంటే."

నా పుస్తకం చూపించాను. ప్రతి ఆదివారం గాలి ఎంతో ఉంది. వాడు చూడలేదు. బిల్లు వెనక సంతకం చూపించాను. "ఆ కుర్రాడు మానేశాడు" అన్నాడు. రొయ్యల సంగతి చెబితే, "రొయ్యలకీ మాకూ ఏంటి సార్ సంబంధం?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు గల్లాపెట్టె పక్కన నిమ్మకాయల గంప ఉంది, ఆ రోజు అమ్మకాలకి.

నేను తిట్టలేదు. టైర్లు నాలుగూ కొట్టు ముందు వరసగా నిలబెట్టి, లోపలి గోడలు రోడ్డు వైపు తిప్పి పక్కన నిలబడ్డాను. లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ ఆ నాలుగు అంకెలు చదివి వినిపించి, ఏది వారమో ఏది సంవత్సరమో చెప్పాను. అంతే. మధ్యాహ్నానికి ఏడుగురు విన్నారు. అయిదుగురు వెనక్కి పోయారు. ఇద్దరు లోపలికి పోయి అంకెలు చూపించమన్నారు. రెండింటికి యజమాని బయటికొచ్చి, "ఇవి తీసుకుని దయచేయండి" అని పందొమ్మిది వందలు చేతిలో పెట్టాడు. ఆ అంకె ఎలా తేల్చాడో అడిగాను. వెనక్కి తిరిగి లోపలికి పోయాడు.

ఆ పందొమ్మిది వందలూ అక్కకి ఇచ్చాను. రెండుసార్లు ఎంచి, "ఇది వాడి దుడ్డే కదా?" అని అడిగింది. అవునన్నాను. కొంగున ముడేసుకుంది. కౌలు బాకీ తీరక గుంట ఆ నెలలోనే పక్కవాడికి పోయింది. ఇప్పుడు ఆమె ఆ పక్కవాడి గుంటల్లోనే మేత చల్లే కూలికి పోతోంది.

నేను ఆ వైపు పోయినప్పుడల్లా గట్టు మీదినుంచి అడుగుతుంది.

"అబ్బయా, టైరువోడు ఇంకా ఎంతియ్యాల?"

"ఇరవై ఏడు వేల ఆరు వందల ఇరవై, అక్కా."