మూఢంలో వచ్చే మాట

సిద్దిపేటలో నేను పనిచేసిన దుకాణంలో పెళ్ళికార్డులు అచ్చువేసేవాళ్ళం. ప్రింటర్ ఉన్నది మా దగ్గరే. పాత బస్టాండు దగ్గర మా సేటుకే ఇంకో దుకాణం ఉండేది, అక్కడ ఒకమ్మాయి కార్డులు టైపు చేసేది. ఆ ఫైళ్ళున్న ఫ్లాపీని సేటు రోజూ పొద్దున స్కూటర్ మీద తెచ్చి నా బల్లమీద పడేసి పోయేవాడు. ఇక సాయంత్రం దాకా నేనూ, ప్రింటర్ చప్పుడూ. కిరాయి గదికి పోతే ఆ చప్పుడు కూడా ఉండేది కాదు.

పెళ్ళికూతుళ్ళలో సగం మందికి ఒకే పేరు. అదే పేరుతో వచ్చిన కొత్త ఫైలు పాతదాన్ని మింగేసేది, తిట్లేమో నాకు. చివరికి ఆ అమ్మాయే వచ్చి ఒక బ్యాచ్ ఫైలు, అంటే కంప్యూటర్ వరసగా చేయాల్సిన పనుల చిట్టా, రాసిపెట్టింది. ఫ్లాపీలో కార్డు ఫైళ్ళుంటే అది కాపీ చేస్తుంది. అదే పేరు ముందే ఉంటే పాతదాని పేరు మార్చేస్తుంది. అసలేమీ లేకపోతే ఏం చేస్తుందని అడిగాను.

"మూఢంల సూడుండ్రి ఆపా" అని నవ్వింది. పరిచయమైన గంటలోనే, సొంత అక్కను పిలిచినట్టు, నన్ను ఆపా అనేసింది.

మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు కనుక కార్డులూ లేవు. సేటు అలవాటుకొద్దీ ఖాళీ ఫ్లాపీనే తెచ్చి పడేశాడు. బ్యాచ్ ఫైలు నడిపితే నల్లటి తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట కనబడింది.

"ఇయ్యాల ఏం రాలే ఆపా. చాయ్ తాగిన్రా?"

ఆ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. లోకమంతా ముహూర్తాల కోసం చూస్తుంటే నేను మూఢం కోసం చూసేదాన్ని. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు.

తర్వాత ఆమె పెళ్ళి చేసుకుని నిజామాబాద్ వెళ్ళిపోయింది. నాకు చెప్పలేదు. చెప్పిపోయేంత చుట్టరికం మాకెక్కడిది? అయినా బాధేసింది.

ఆమె జాగాలో కొత్త ఆపరేటరు వచ్చాడు. అవి పెళ్ళిళ్ళ నెలలు, ఫ్లాపీ ఒక్కనాడూ ఖాళీగా రాలేదు. అందుకని పొద్దున్నే ఫైళ్ళ పేర్ల చివరి అక్షరాలు మార్చేదాన్ని. అప్పుడవి కార్డులని బ్యాచ్ ఫైలుకు తెలియదు, ఏం రాలేదనుకుని నన్ను పలకరించేది. చాయ్ తాగి, పేర్లు మళ్ళీ సరిచేసి పనిలో పడేదాన్ని.

ఒకరోజు కొత్త ఆపరేటరు ప్రూఫుల కోసం మా దుకాణానికి వచ్చాడు. బ్యాచ్ ఫైలు తెరిచి చూసి, చాయ్ మాట ఉన్న లైను కొట్టేశాడు.

"ఉత్తగనే ఉన్నదక్కా, గా లైను ఎందుకు?" అన్నాడు.

అతను పోయాక ఆ లైను మళ్ళీ టైపు చేశాను, ఒక్క అక్షరం తేడా లేకుండా. పేర్లు మార్చి నడిపాను. అదే మాట వచ్చింది. కానీ ఈసారి అడిగింది నేనే. ఆ పొద్దు చాయ్ తాగబుద్ధి కాలేదు.