అవ్వ పాటకు వచ్చిన నోటీసు

షరతులు చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కడం మూర్ఖత్వమే. కానీ ఆ మూర్ఖత్వంలో నాకు లోకమంతా తోడుంది కాబట్టి దానికి పెద్దగా సిగ్గుపడను. అచ్చంగా నా సొంతమైనది ఇంకొకటి ఉంది. చదవకూడని నోటీసును, వినకూడని మనిషికి, గొంతెత్తి చదివి వినిపించాను. అదీ ఇంగ్లిషులోంచి తెలుగులోకి మార్చి, బాగా అర్థమయ్యేలా.

చేవెళ్ల బస్టాండు దగ్గర నాకొక మొబైల్ షాపు ఉంది. ఇప్పుడు స్క్రీన్ గార్డులు అతికిస్తూ, కవర్లు అమ్ముకుంటూ కూర్చుంటున్నాను గానీ, ఒకప్పుడు నా పని మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం. నిన్న విడుదలైన సినిమా పాటలు ఇవాళ పొద్దున్నే నా కంప్యూటర్లో ఉండేవి. మొయినాబాద్ నుంచి కూడా కార్డులు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ పాటలు ఎవరివని నేను ఎవరినీ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. అందరూ ‘డౌన్‌లోడ్ అన్న’ అని పిలిచేవాళ్లు, నేను పొంగిపోయేవాణ్ణి. దొంగ అనడానికి వాళ్లకు మర్యాద అడ్డొచ్చిందని ఇన్నేళ్లకు తెలిసింది. తర్వాత డేటా చవకైంది, ఎవరి పాటలు వాళ్ల చేతిలోకే వచ్చాయి. నా బిరుదులో ‘డౌన్’ ఒక్కటే మిగిలింది.

అట్లాంటి రోజుల్లో ఆలూరు నుంచి ఒక అవ్వ తన బటన్ ఫోను స్పీకరు బాగు చేయించుకోవడానికి వచ్చింది. బంతితోటలో పూలు తెంపే కూలికి పోతుంది. కూర్చున్నంతసేపూ ఏదో పాడుకుంటూనే ఉంది.

“ఏ సినిమాల పాట అవ్వా?” అన్నాను. అప్పటికి నాకు తెలిసిన పాటలన్నీ సినిమాల్లోవే.

“సినిమా లేదు గినిమా లేదు బిడ్డా. నాదే. పూలు తెంపుకుంట అల్లిన.”

ఆ వారమే తోటకు పోయి ఫోనులో వీడియో రికార్డు చేశాను. ‘గంప నిండె అక్కా, గట్టెక్కి రావే’ అని అవ్వ ఎత్తుకుంది. ఎత్తుకుని, ఆగింది. మళ్లీ ఒక చరణం, మళ్లీ మౌనం. మరచిపోయిందేమో అనుకున్నాను. అక్కడ పాట ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవాలి. అందుకునే యారాలు, అంటే తోటికోడలు, పోయి చాలా ఏళ్లయిందట. అయినా ఆమె వంతు ఖాళీని అవ్వ అట్లాగే ఉంచుతుంది. రెండో చరణం మధ్యలో అవ్వకు దగ్గు వచ్చింది. దాన్ని కోసేయడం నాకు చేతకాలేదు.

ఆ వీడియోను, షరతులు చదవకుండానే ఒప్పుకుని, ఇంటర్నెట్‌లో నా ఛానల్లో పెట్టాను. పాత అలవాటు ఊరుకోక అవ్వ ఫోనులో ఉన్న కార్డులోకి కూడా ఎక్కించాను. నా ఫోను మాత్రం చోటు లేదని మొరపెడుతుంటే అసలు రికార్డును చెరిపేశాను. ఛానళ్లు నడిపే అంత పెద్ద కంపెనీ దాచిపెట్టాక ఇంక నాకెందుకనుకున్నాను.

కొన్ని నెలలకు కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. పాట మరొకరిదట, నేను దొంగిలించానట. వీడియో తీసేశారు. ఇంకో రెండుసార్లు ఇట్లా జరిగితే ఛానలే మూసేస్తారట. ఆ ‘మరొకరి’ ఛానల్ తెరిచి చూస్తే అవ్వ గొంతే. కింద డీజే దరువు. యారాలి కోసం వదిలిన ఖాళీల నిండా డప్పులు. దగ్గు మాత్రం అక్కడే ఉంది. దొంగకు కూడా దాన్ని కోయడం చేతకాలేదు. నా వీడియో మీదే నేను అప్పీలు చేసుకుంటే, పరిశీలించాం, మా నిర్ణయం మారదు అని టీ తాగేలోపే జవాబు. ఇంకా పోట్లాడాలంటే ఏదో పరదేశపు కోర్టుకు కట్టుబడతానని టిక్కు పెట్టాలి. చేవెళ్ల కోర్టు ముందు నుంచి పోవాలన్నా బండి వేగం పెంచేవాణ్ణి నేను. టిక్కు పెట్టలేదు.

కార్డుల కాలంలో నన్ను పట్టుకోవలసిన చట్టం అప్పుడు తీరిక లేక, ఇప్పుడు అవ్వను పట్టుకుందన్నమాట.

కోపం పట్టలేక నోటీసును ప్రింటు తీసుకుని తోటకు పోయాను. అవ్వ కూడా నాతో కలిసి నాలుగు తిడుతుందని ఆశ. కూలీలందరి ముందూ నోటీసు చదివాను: ‘ఈ పాట మీద మీకు హక్కు లేదు.’

“గట్లనే రాసిన్రా?”

“గట్లనే రాసిన్రు అవ్వా.”

“నడుమ నేను దగ్గిన గదా. గా దగ్గు గూడ వాళ్లదేనా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు.

“చిన్న మంగళారం ఊర్ల మా తల్లిగారోళ్లు పసుపు కుంకుమకు ఇచ్చిన ఎకరం ఉండె. ఒకాయన గిట్లనే వచ్చి కాయితం సదివిండు, నీది కాదన్నడు. ఇప్పుడు ఆడ ఫామ్‌హౌస్ గేటున్నది. పాటకు గూడ పట్టా ఉంటదని నాకు తెల్వకపాయె బిడ్డా.”

ఆ రోజు నుంచి అవ్వ పాడలేదు. మళ్లీ పోయినప్పుడు ఎవరి ఫోనులోనో ఆ డీజే పాట మోగుతోంది. దగ్గు వచ్చినచోట కూలీలు నవ్వుతున్నారు. అవ్వ తల వంచుకుని పూలు తెంపుతోంది.

“అవ్వా, గది రాసింది మనిషి కాదు, మిషన్,” అన్నాను, అదేదో ఊరట అయినట్టు.

“మనిషైతే కాళ్లు పట్టుకుందుము. మిషన్‌కు కాళ్లేడియి?”

ఆ నోటీసు మడిచి జేబులో పెట్టుకుని ఉంటే పోయేది. పాట తీసేసింది కంపెనీయే కావచ్చు. అవ్వ నోట్లోంచి తీసేసింది మాత్రం నేను.

డప్పులు కలవని అసలు పాట ఇంక ఒక్కచోటే మిగిలింది, అవ్వ బటన్ ఫోనులోని కార్డులో. స్పీకరు ఎట్లున్నదో చూస్తానని ఫోను అడిగి తీసుకుని, పాటను నా కంప్యూటర్లోకి దించాను. చేవెళ్ల నుంచి మొయినాబాద్ తిరిగే ఆటోవాళ్లు ఇంకా పెన్‌డ్రైవుల్లోనే పాటలు వింటారు. నా దగ్గరికి వచ్చిన ప్రతి పెన్‌డ్రైవులోనూ మొట్టమొదటి పాట అవ్వదే పెట్టాను. డప్పులు లేకుండా, ఖాళీలతో, దగ్గుతో సహా. కంపెనీని అడగలేదు, ఆటోవాళ్లను అడగలేదు. నిజం చెప్పాలంటే అవ్వనూ అడగలేదు. చేతికి అంటిన విద్య అంత తొందరగా పోదు.

నెల తిరక్కుండానే అవ్వ షాపుకు వచ్చింది. గంప కింద పెట్టింది.

“ఏం పని చేసినవురా నువ్వు? ఆటో ఎక్కితే నా గొంతే ఎత్తుకున్నది. యారాలి వంతు వచ్చింది. అందరు ఊకున్నరు. నేనే అందుకున్న.”

తోటలో మాత్రం ఆమె ఇప్పటికీ పాట ఎత్తుకోదు. ఆటోలో, తనకు తానే, అందుకుంటుంది. నేను పాడుచేసినదాంట్లో తిరిగొచ్చింది అంతవరకే.

“మల్ల నోటీసొస్తది సూడు నీకు,” అంది గంప ఎత్తుకుంటూ.

“రానియ్ అవ్వా,” అన్నాను. “ఈసారి నేను చదవ.”