పెరట్లో రాగుల పాతర

మా ఇల్లు కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో గని కంపెనీ కట్టించిన లైన్ ఇళ్ళలో ఒకటి. ఒకే కప్పు కింద వరసగా కుటుంబాలు. ఒక్కో కుటుంబానికి ఒక గది, ఒక వంటిల్లు, వెనక తడిక కట్టుకున్న చిన్న పెరడు. ఆ పెరట్లో మా నాయన ఒక పాతర తవ్వాడు. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. పల్లెల్లో ఉండేది. లైన్ ఇళ్ళలో ఇంకెవరికైనా ఉందని నేను వినలేదు.

దాని గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాస్తే నాయన దుర్మార్గుడిలా కనిపిస్తాడని లేచిపోయాను. ఆయన దుర్మార్గుడు కాడు. ఇప్పుడు ఆయన కూడా లేడు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కంపెనీని ప్రభుత్వం తీసుకున్న తర్వాత పుట్టినదాన్ని నేను. నాయన గనిలో టింబరు పని చేసేవాడు, అంటే లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. నా చిన్నతనంలో నేల అదరడం మామూలు విషయం. గూట్లో గిన్నెలు గలగలమనేవి, గోడ సున్నం కొంచెం రాలేది. ఎంతో లోతులో బండ తనంతట తాను పగలడమే ఆ అదురు. దాన్ని అందరూ ఎయిర్ బ్లాస్టు అనేవాళ్ళు. అదిరిన వెంటనే లైన్లో ఆడవాళ్ళు పొయ్యి వదిలేసి బయటికొచ్చి, గనిలోకి దిగే బావి, షాఫ్టు వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. సైరన్ మోగకపోతే మళ్ళీ లోపలికి పోయి, మాడిన కూర దించుకునేవాళ్ళు.

నేను పుట్టకముందు అలాంటి ఒక బ్లాస్టులో బండ జారి ఇద్దరు కూలీలు చిక్కుకున్నారు. నాయన తమ్ముడు, మా చిన్నాయన, వాళ్ళను లాగడానికి పరిగెత్తాడు. ఆ ఇద్దరూ బతికారు. చిన్నాయన వాళ్ళ దగ్గరికి చేరేలోపే బండ రెండోసారి పగిలి ఆయనమీద పడింది. నాయన కొంచెం వెనక ఉన్నాడు. ఆయనకు కాళ్ళు కదల్లేదట.

"కదల్లేదు గనకే నేనుండాను" అని ఒక్కసారే చెప్పాడు.

అప్పటినుంచి ఆయనకు ఒకటే నియమం. మొదటిది పడితే పరిగెత్తకూడదు. రెండోది పడనివ్వాలి. గనిలో ఆయన కింద పనిచేసిన కుర్రవాళ్ళు ఆ మాట విని బతికారని ఆయన చావుకొచ్చినవాళ్ళు నాతో చెప్పారు. నమ్మాను. అయితే ఆయన ఆ నియమాన్ని షిఫ్టు అయిపోయాక గనిలో వదిలి వచ్చేవాడు కాదు. కప్పు కారితే ఇంకో వాన చూసి పెంకు మార్చేవాడు. ఎవరైనా తిడితే మళ్ళీ తిట్టేదాకా ఊరుకునేవాడు.

అమ్మ ఎగతాళి చేసేది. "పాలు పొంగితే గూడా రెండోసారి పొంగేదాకా చూస్తాడు మీ నాయన."

"పొంగనీ మే, గిన్నె ఎంత పడుతుందో తెలుస్తాది" అనేవాడు ఆయన, నవ్వకుండా.

గని మూసేస్తారన్న మాట మొదట ఎప్పుడు విన్నానో గుర్తులేదు. నా హైస్కూలు రోజులంతా ఆ మాట ఉంది. మా లైన్లో ఒక్కొక్కరు ఒక్కోలా సిద్ధమయ్యారు. కొందరు మేకలు కొన్నారు, కొందరు పిల్లలను బెంగళూరు పంపారు. పాతర వేద్దామన్నది అమ్మ.

అమ్మది ఆవని దగ్గర పల్లె, రాగులు పండించే ఇల్లు. వాళ్ళ నాన్న పెరట్లో పాతరలుండేవి. ఎలా వెయ్యాలో ఆమెకు తెలుసు. తవ్వడం నాయనకు తెలుసు. కంపెనీ స్థలంలో తవ్వకూడదు గనక, చిక్కుడు పందిరి చాటున తవ్వాడు. మూతి ఇరుకుగా, లోపల కుండలా వెడల్పుగా. తీసిన గరుసు మట్టిని అమ్మ తట్టలతో మోసి పందిరి కింద పరిచేది. తడికకు అవతలి పొరుగింటావిడకు రెండో రోజే తెలిసిపోయింది. ఆమె భర్త కూడా గనిలోనే పోయాడు. ఆమె నోటికి అడ్డు లేదు.

"ఏం మామా, షాఫ్టు చాలక ఇంట్లోనే తవ్వుకుంటాండావా? ఎన్నో లెవెల్ దాకా పోయినావు?"

"సుమ్మనుండు తల్లీ, సూపర్వైజరు వింటాడు."

"బంగారం పడితే ముక్కుపుడకంత నాకియ్యి, నోరు మూసుకుంటా."

గోడలకు మట్టి, పేడ కలిపి మెత్తారు. లోపల గడ్డి కాల్చి ఆరబెట్టారు. ఆ ఏడు మా మేనమామ పంట బాగా వచ్చింది. అమ్మ భాగమని పది మూటల రాగులు ట్రాక్టరులో పంపాడు. అడుగున, అంచుల వెంబడి రాగి గడ్డి పరిచి, సగానికి పైగా నింపి, మళ్ళీ గడ్డి, మూతిమీద రాతి పలక. పలక చుట్టూ అమ్మ తన చేతులతో బంక మట్టి మెత్తింది.

మెత్తుతూ నాకు చెప్పింది. "ఒకసారి విప్పితే మొత్తం తియ్యల్లా పాపా. గాలి తగిలినాక లోపల ఉంచితే చెడిపోతాది. అందుకే మా ఊర్లో పాతర విప్పితే ఆ ఇంటోళ్ళే తినరు. అందరికీ కొలిచి ఇస్తారు. మళ్ళీ ఏడు ఇంగొకరు విప్పుతారు. అట్లనే ఎవురూ పస్తుండరు."

నాయన పలకమీద కాలు పెట్టి, కదులుతుందేమోనని చూస్తున్నాడు. ఆయన ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు.

గని మూశారు. పెద్దగా ఏమీ జరగలేదు. పనికి రావద్దన్నారు, అంతే. మొదటి నెలల్లో మగవాళ్ళు షిఫ్టు వేళకు లేచి, టీ తాగి, గేటు దాకా పోయి తిరిగి వచ్చేవాళ్ళు. రావలసిన డబ్బు రాలేదు. నేను చదువు ఆపి మాలూరులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి చేరాను. తెల్లారే రైలు, చీకటి పడ్డాక రైలు. నా జీతంతో తెచ్చే బియ్యం నెల సగానికి అయిపోయేవి. ఫ్యాక్టరీలో నాకు మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్ళు. ఇంట్లో ఎవరు ఏం తింటున్నారో అందువల్ల నాకు సగమే తెలిసేది.

అమ్మ మొదటిసారి అడిగింది బియ్యం డబ్బా ఖాళీ అయిన రోజు.

"ఏమయ్యా, పాతర విప్పుదామా?"

"ఇది మొదటిదే మే."

"ఏది మొదటిది?"

"కంపెనీ మూసింది. ఇంగ ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. నీళ్ళు ఆపుతారు. కరెంటు పీకుతారు. అప్పుడేం తింటావు?"

అమ్మ ఆ వేళకు గంజి కాచింది.

ఆయన చెప్పినవి కొన్ని జరిగాయి. కొళాయి నీళ్ళు ఒకరోజు వస్తే చాలా రోజులు వచ్చేవి కాదు. గనిలో నీళ్ళు తోడే పంపులు ఆగాయి. లోపల నీళ్ళు ఒక్కో లెవెలూ ఎక్కి వస్తున్నాయని మగవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. నాయన మంచం పెరట్లోకి మార్చుకుని, సరిగ్గా పలకమీద వేసుకున్నాడు. సెలవు రోజు మధ్యాహ్నాలు చూసేదాన్ని. మంచం దిగి, పలక అంచుకు చెవి ఆనించి వినేవాడు. చీమలు పట్టాయేమోనని మట్టి అతుకు వెంబడి వేలు నడిపేవాడు. చీమలు లేవు. ఒక్క చీమ కనబడి ఉంటే ఆ రోజే విప్పేవాడు.

అమ్మ రెండోసారి అడిగింది పొరుగింటి పొయ్యి వెలగనప్పుడు.

"ఆ యమ్మ ఇంట్లో రెండు దినాలుగా పొగ లేదు. మన కాళ్ళ కింద పది మూటలుండాయి. విప్పితే లైన్ లైనంతా ఒక నెల తింటాది."

"నెల తింటాది. ఆపైన?"

"ఆపైన ఇంగొకరు ఏమన్నా తెస్తారు."

"మీ ఊర్లో తెస్తారు మే, అందరికీ చేన్లుండాయి. ఈడ ఎవురికేముండాది?"

దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆయన తెలివిగానే మాట్లాడేవాడు.

తడిక అవతల పొరుగింటావిడ అంతా విన్నది. మరుసటి రోజు బట్టలు ఆరేస్తూ, అమ్మతో అన్నట్టు నాయనకు వినిపించింది. "అక్కా, మీ ఆయన మంచం కింద ఏముండాదో లైన్‌కంతా తెలుసు. ఎవురూ అడగరు లే. కావలి కాసేదానికి ఆయప్పకు ఒక పనైనా ఉండాది. మిగతా ఇండ్లల్లో మగోళ్ళకు అదీ లేదు."

నాయన మంచంమీద అటు తిరిగి పడుకున్నాడు.

అమ్మ గాజులు మోచేతిదాకా జారడం నేను చూశాను. అడిగితే, "పని చేసేటప్పుడు అడ్డమని పైకి తోసినాను" అంది. నేను రాత్రి వచ్చేసరికి నాకూ నాయనకూ పళ్ళేలు పెట్టేది. తనది ముందే అయిందనేది. ఆమె పళ్ళెం కడిగి బోర్లించి ఉండేది. ఎప్పుడు చూసినా పొడిగా ఉండేది.

వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నాయన కషాయం కాచాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆమెను ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు ఆమె కంటి రెప్ప దించి చూశాడు, గోళ్ళు నొక్కి చూశాడు. ఛాతీలో నెమ్ము చేరిందన్నాడు. తర్వాత నాయన వైపు తిరిగి, విసుగు లేకుండానే అడిగాడు.

"ఈమె ఎన్నాళ్ళుగా సరిగ్గా తినలేదు? ఒంట్లో రక్తమే లేదు కదప్పా. ఇంట్లో ఏమీ లేదా?"

నాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "మా ఇంట్లో పది మూటల రాగులుండాయి సార్" అన్నాడు.

డాక్టరు ఆయన ముఖం చూసి, నా ముఖం చూసి, మందులు రాసిచ్చాడు.

ఇంటికి రాగానే నాయన మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు. గడ్డపారతో మట్టి అతుకు కొట్టి, పొరుగింటావిడా నేనూ చెయ్యి వేస్తే పలక జరిపాడు. లోపలినుంచి వెచ్చగా, పులిసినట్టు వాసన వచ్చింది. పొరుగింటావిడ తట్ట పట్టుకుని వంగబోతే, ఆయన ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. చిన్న దీపం తాడుకు కట్టి లోపలికి దించాడు. దీపం మూతి దాటగానే ఆరిపోయింది. ఎవరో వేళ్ళతో నలిపినట్టు, పొగ కూడా సరిగా రాకుండా ఆరిపోయింది.

"రేపటిదాకా ఎవురూ దగ్గరికి పోవద్దు. చెడ్డ గాలి" అన్నాడు.

"రేపా? అక్క లోపల అట్ల పడుంటే! ఇదీ రెండోసారి చూడల్లా మామా?" అని పొరుగింటావిడ ఏడుస్తూ అరిచింది.

ఆయన తడిక తీసి గొయ్యి చుట్టూ కట్టాడు. ఆ రోజు ఆయన ఆగడం సరైనదే. దిగి ఉంటే ఇంకొకరు పోయేవాళ్ళు. ఆయన నియమం తప్పని అనగలిగితే నాకు సులువుగా ఉండేది.

లోపలినుంచి అమ్మ పిలిచింది. "తీసినారా?"

"తీసినాం అమ్మా, గాలి ఆడల్లంట."

"ఔను, ఆడల్లా" అంది. ఆమెకు తెలుసు.

మరుసటి రోజు ఎండ ఎక్కాక దీపం ఆరకుండా గడ్డిదాకా దిగింది. నాయన నడుముకు తాడు కట్టుకుని తానే దిగాడు. మొదటి తట్ట పైకి వచ్చినప్పుడు నేను చెయ్యి పెట్టి చూశాను. రాగులు ఎర్రగా, పొడిగా ఉన్నాయి. ఒక్క పురుగు లేదు. నిన్న పోసినట్టున్నాయి. చెడిపోయి ఉంటే బాగుండునని ఆ క్షణంలో అనుకున్నాను. పైకి వచ్చాక నాయన కూడా గుప్పెడు తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయన కూడా అదే అనుకున్నాడేమో.

తిరగలిలో విసిరి, జల్లించి, అంబలి కాచి అమ్మకు పట్టాను. రెండు మూడు గరిటెలు తాగింది. "లైన్లో అందరికీ కొలిచినారా?" అని అడిగింది.

"కొలుస్తాండారు అమ్మా."

నిజంగానే కొలుస్తున్నారు. పెరట్లో చాప పరిచి, పొరుగింటావిడ శేరు పట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క ఇంటివాళ్ళు గిన్నెతో వచ్చారు. ఒక ముసలాయన రాగులు నోట్లో వేసుకుని నమిలి, "ఎంత బాగా దాచినారప్పా!" అన్నాడు. నాయన తల దించుకుని తట్ట అందించాడు.

అమ్మ ఆ వారం దాటలేదు. నెలలుగా పోయినదాన్ని నాలుగు రోజుల అంబలి తిరిగి తేలేకపోయింది.

కర్మలకు వచ్చిన మా మేనమామ తిరిగి పోయేటప్పుడు, పాతర పూడ్చమని నాయనకు చెప్పాడు. నాయన తల ఊపాడు. తర్వాతి ఆదివారం నేను నిద్ర లేచేసరికి ఆయన మంచంమీద లేడు. గొయ్యి పక్కన పేడ, మట్టి కలిపిన ముద్దలున్నాయి. దగ్గరికి పోయి చూస్తే లోపల కూర్చుని గోడలు మెత్తుతున్నాడు. తల పైభాగం, తెల్లజుట్టు మాత్రం కనబడింది. దీపం పక్కన పెట్టుకున్నాడు.

"పైన ఎవురు?"

"నేనే నాయనా. ఏం చేస్తాండావు?"

"పైమెత్తు రాలింది. మీ మామను ఈ ఏడు గూడా రాగులు అడగల్లా."

"ఎందుకు నాయనా ఇంగ?"

ఆయన ఇంకో ముద్ద తీసి గోడకు మెత్తాడు. తర్వాత ఆయన గొంతు లోపలినుంచి వచ్చింది.

"కంపెనీ మూసింది మొదటిదనుకున్నా. కాదు. మీ అమ్మ పోయిందే మొదటిది. రెండోది ఇంగా పడల్లా. తాడు పట్టుకో పాపా, యాడికీ పోవద్దు."

నేను తాడు పట్టుకున్నాను. ఆయన బయటికి వచ్చేదాకా దీపం వైపే చూస్తూ నిలబడ్డాను.